కృష్ణబిలాలు లేవన్న కత్తెర బాబాయ్

ఆ వీధిలో కృష్ణబిలాలు లేవని గట్టిగా నమ్మిన మనిషి ఒక్కడే. ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, చిన్నా పెద్దా అందరికీ కత్తెర బాబాయే. టైర్ల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న రెండు కుర్చీల సెలూన్ ఆయనది. పోనీ మిగతా వీధి అంతా కృష్ణబిలాలు ఉన్నాయని నమ్మేదా అంటే అదీ లేదు. ఆకాశంలో ఏముంటే మనకేం, పొద్దున్నే బస్సు అందితే చాలు అనుకునే జనం. ఆ విషయంలో పట్టింపు ఉన్నది ఇద్దరికే. లేవని కత్తెర బాబాయికి, ఉన్నాయని ల్యాబ్ మాస్టారికి. పన్నెండేళ్లపాటు వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం, వాళ్లిద్దరూ ఆ సంగతి మీద కీచులాడుకున్నారు. మూడు నెలల కిందట ఆ కీచులాట ఆగిపోయింది. దాన్ని తిరిగి మొదలుపెట్టించటానికి బాబాయ్ పడ్డ పాట్లే ఇప్పుడు చెప్పబోయేది.

మాస్టారు నిజానికి మాస్టారు కారు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్ఫై నాలుగేళ్లు సామాను చూసుకున్న అటెండరు. పట్టకాలు తుడవటం, తెగిన తీగలు అతకటం, లోలకాలకి దారాలు మార్చటం ఆయన పని. లెక్చరర్లు వచ్చారు, పోయారు. ఒకే పాఠాన్ని ముప్ఫై నాలుగుసార్లు శ్రద్ధగా విన్నవాడు మాత్రం ఈయనొక్కరే. రిటైరయ్యేనాటికి ఎవరైనా లెక్చరరు బోర్డు మీద తప్పు రాస్తే, వెనక బీరువా దగ్గర నిలబడి చిన్నగా దగ్గేవారట. ఆ దగ్గు వినగానే లెక్చరరు డస్టర్ అందుకునేవాడట. మాస్టారన్న పేరు అలా వచ్చింది.

బాబాయ్ చదువు వేరు. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, ఆ తర్వాతదంతా నురగ చదువు. గడ్డం గీసేటప్పుడు కత్తికంటిన నురగని తుడవటానికి పాత పేపర్లు కావాలి. పొద్దున్నే షాపు తెరవగానే ఒక్కో పేపరునీ నాలుగు ముక్కలుగా చింపి కట్టగా పెట్టుకుని, మనిషికో ముక్క ఎడమ ముంజేతి మీద పరుచుకునేవాడు. ఎవరూ రానప్పుడు ఆ కట్టలో పై ముక్క తీసి చదివేవాడు. అందుకే ఆయనకి తెలియని సంగతి లేదు, పూర్తిగా తెలిసిన సంగతీ లేదు. ఓడ మునిగిందని తెలుసు, ఎంతమంది బయటపడ్డారో తెలియదు. ఎవరో రాజుగారు గద్దె దిగారని తెలుసు, ఎందుకు దిగారో ఎవరి గడ్డంతోనో పోయింది. అయినా సగం తెలిసినవాడిలా మాట్లాడటం ఆయన వల్ల కాదు. ముక్క ఎక్కడ చిరిగిందో ఆయన అభిప్రాయం అక్కడ గడ్డ కట్టేది, ఇక కదిలేది కాదు.

కృష్ణబిలాల మీదా అంతే. పన్నెండేళ్ల కిందట ఒక ముక్క చేతికొచ్చింది. 'కృష్ణబిలాలు అసలు ఉన్నాయా?' అని పైన పెద్ద అక్షరాలు. వెలుగుని కూడా బయటికి పోనివ్వనంత బలంగా లాగే చోటు ఒకటి ఉంటుందని అందరూ అంటున్నారనీ, అలాంటిది లెక్కల్లో తప్ప నిజంగా ఉండదని కొందరు శాస్త్రజ్ఞుల వాదన అనీ కింద రాశారు. 'వీరు చూపుతున్న కారణాలు బలమైనవే, అయితే' అన్న దగ్గర చిరుగు. 'అయితే' తర్వాత ముక్క ఆ ఉదయమే టైర్ల కొట్టాయన గడ్డానికి బలై చెత్తబుట్టలో పడింది. బాబాయ్ బుట్టలోకి తొంగి చూశాడు కూడా. నురగలో అక్షరాలు అలికిపోయాయి. బలమైన కారణాలని వాళ్లే రాశారు కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు.

ఆ రోజు బుధవారం. కుర్చీలో మాస్టారు.

"మాస్టారూ, కృష్ణబిలాలు లేవంట గదా?"

"ఎవడు చెప్పాడు?"

"పేపర్లో వేశారు."

"ఏ పేపరు?"

బాబాయ్ ముంజేతి మీది ముక్క చూపించాడు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివి, "మిగతా సగం ఏదయ్యా?" అన్నారు.

"మిగతాదంతా ఇదే రాసుంటారు లెండి," అన్నాడు బాబాయ్, బ్రష్ తిప్పుతూ.

అలా అంటుకుంది. అంటుకోవటం సంగతి సరే, పన్నెండేళ్లు ఆరకుండా ఉండటానికి కారణం మాత్రం కత్తి. కత్తి గొంతు మీద ఉన్నంతసేపూ కుర్చీలో మనిషి నోరు మెదపకూడదు. బాబాయ్ దాన్ని ఆసరా చేసుకుని తన పాయింట్లన్నీ సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే చెప్పేసేవాడు. ఇంత అన్యాయం ఏ కోర్టులోనూ జరగదు. మాస్టారు కూడా ఊరుకునే రకం కాదు. కుర్చీ చేతిమీద వేళ్లతో తట్టటం మొదలుపెట్టారు. ఒక్క తట్టు తడితే 'తప్పు' అని. రెండు తడితే 'నా దగ్గర జవాబుంది, టవల్ తియ్యనీ' అని. గడ్డం పూర్తయి, పటిక రాసి, తడి టవల్‌తో మొహం తుడవగానే జవాబు ఊడిపడేది.

"ఏమీ లేని చోటు చుట్టూ నక్షత్రాలు గిరగిరా తిరుగుతున్నాయయ్యా, కొలిచారు. మధ్యలో ఏదీ లేకపోతే అవెందుకు తిరుగుతాయి?" అనేవారు.

"అదేం మాట మాస్టారూ! మా బావమరిది ఉద్యోగం కోసం ఒక ఆఫీసు చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగాడు. లోపల ఉద్యోగం ఉందా?"

నిప్పురంగు వలయం మధ్యలో నల్లటి గుండ్రంతో ఉన్న కృష్ణబిలం ఫొటో పేపర్లో పడ్డ రోజున మాస్టారు శనివారం దాకా ఆగలేకపోయారు. గురువారమే షాపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. బాబాయ్ ఆ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి, గోడలకి ఎదురుబొదురుగా ఉన్న తన రెండద్దాల వైపు చెయ్యి చూపించాడు.

"ఆ అద్దంలో మీరు వంద మంది కనబడుతున్నారు. వంద మందీ ఉన్నట్టేనా?"

"ఉంటే వంద మందికీ గడ్డం గియ్యవయ్యా, చూద్దాం," అన్నారు మాస్టారు. అప్పుడే లోపలికొచ్చిన టైర్ల కొట్టాయన నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు.

ఒకసారి మాస్టారికి నిజంగానే కోపం వచ్చింది. సగం గడ్డం గీయించుకుని, మెడకి కట్టిన గుడ్డతోనే లేచి ఇంటికెళ్లిపోయారు. గంట తర్వాత, ఒక చెంప నున్నగా, ఒక చెంప మీద నురగ ఎండి పొలుసు కట్టి, చంకలో లావుపాటి పుస్తకంతో తిరిగొచ్చారు. దారిపొడుగునా జనం నిలబడి చూశారట. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని, "నూట ఎనభయ్యో పేజీ," అన్నారు.

బాబాయ్ మరీ తీసిపారేయాల్సిన మనిషి కూడా కాదు. కృష్ణబిలం దగ్గర కాలం నెమ్మదిస్తుందనీ, అందులో పడేవాడు దూరం నుంచి చూసేవాళ్లకి అంచు దగ్గరే ఆగిపోయినట్టు, మసకబారుతూ కనబడతాడనీ మాస్టారే ఒకరోజు చెప్పారు. బాబాయ్ కత్తి తోలు మీద తిప్పుతూ ఆలోచించాడు. "మనకెప్పటికీ పడినట్టు కనబడకపోతే, పడ్డాడని మీరెలా అంటారు మాస్టారూ? అంచు దగ్గర ఆగినవాడు ఆగినట్టేగా? అలాంటప్పుడు ఆ బిలం తయారైందెప్పుడు?" మాస్టారు తట్టలేదు. మూడు వారాలు మౌనంగా గడ్డం గీయించుకుని వెళ్లారు. నాలుగో వారం టవల్ తీయగానే అన్నారు: "మనకి కనబడకపోవటం వేరు, జరగకపోవటం వేరు. పడేవాడి గడియారం పడేవాడిదే." అని ఊరుకోకుండా, "కానీ ప్రశ్న బాగా అడిగావోయ్," అన్నారు. ఆ మాట బాబాయ్ ఇంటికెళ్లి భార్యకి మూడుసార్లు చెప్పాడు.

ఆ తర్వాతే కొంప మునిగింది. ఒక శనివారం మాస్టారు రాలేదు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అన్నీ తెలుస్తున్నాయి, నోట్లోంచే ఏదీ రావటం లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి నెల పట్టింది.

ఆ నెలంతా బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి మాస్టారు కూర్చునే కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. ఎవరైనా కూర్చోబోతే, "అది బాగోలేదు, ఇటు రండి," అనేవాడు బాబాయ్. కుర్చీకేం, గుండ్రాయిలా ఉంది. వాదన లేక నాలుక దురద పెట్టి, టైర్ల కొట్టాయన గొంతు మీద కత్తి పెట్టి అడిగాడు: "కృష్ణబిలాలు లేవు. నువ్వేమంటావ్?" టవల్ తీశాక ఆయన, "నువ్వు చెప్పావంటే లేనట్టే బాబాయ్," అన్నాడు. చప్పున చల్లారిపోయింది. ఇంట్లో భార్య జాలిపడి, కూరలు తరుగుతూ, "పోనీ నాతో వాదించండి. ఉన్నాయి," అంది.

"ఎందుకున్నాయి?"

"మీరు లేవంటున్నారుగా, అందుకు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆయనకి ఇంకా దిగులేసింది. మనం ఏమన్నా ఒప్పుకునేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. మనం అన్న మాటని ఇంటికి పట్టుకెళ్లి, మూడు వారాలు దాచుకుని, జవాబుతో తిరిగొచ్చేవాడు ఎక్కడ దొరుకుతాడు? అద్దంలో తన వెనక ఖాళీ కుర్చీ, దాని వెనక ఇంకో ఖాళీ కుర్చీ, అలా వంద కనబడుతుంటే, ఒక పాత దుప్పటి తెచ్చి ఆ వెనకద్దానికి కప్పేశాడు.

మాస్టారు ఇంటికొచ్చాక బాబాయ్ సంచిలో సామాను సర్దుకుని తనే వెళ్లటం మొదలుపెట్టాడు. మాస్టారి భార్య ఆయన్ని తమ్ముడూ అని పిలిచేది, ఈయన అక్కయ్యా అనేవాడు. ఆ వరసన మాస్టారు బావ కావాలి గానీ, అంత ధైర్యం ఎప్పుడూ చేయలేదు. వరండాలో చేతుల కుర్చీలో మాస్టారిని కూర్చోబెట్టేవారు. కుడి చెయ్యి ఒళ్లో, ఎడమ చెయ్యి కుర్చీ చేతిమీద. "మామూలుగా మాట్లాడుతూ ఉండండి, మంచిది," అని డాక్టరు చెప్పాడు. మామూలుగా అంటే ఏమిటో ఆ డాక్టరుకేం తెలుసు? బాబాయికి ఆ వంకర తిరిగిన పెదవి చూడగానే కృష్ణబిలాల మాట ఎత్తబుద్ధయ్యేది కాదు. ఎండ ఎక్కువగా ఉందనీ, మందుల షాపుకి కొత్త బోర్డు పెట్టారనీ, చంటిపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పి, గడ్డం గీసి వచ్చేసేవాడు. మాస్టారు గోడ వైపు చూస్తూ ఉండేవారు.

అలా చాలా వారాలు గడిచాక ఒక శనివారం బాబాయ్ పెద్ద మనసు చేసుకున్నాడు. తెలివైనవాళ్లు చేసే తెలివితక్కువ పని అది. మొహం తుడిచి, టవల్ మడిచి, స్టూలు ముందుకు జరుపుకుని, "మాస్టారూ, ఇన్నాళ్లూ ఊరికే మొండికేశాను. మీరే రైటు. కృష్ణబిలాలు ఉన్నాయి. ఒప్పుకున్నాను," అన్నాడు.

సంతోషిస్తారనుకున్నాడు. మాస్టారి కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. తర్వాత నీళ్లతో నిండాయి. ఎడమ చేత్తో బాబాయ్ చేతిలోని టవల్‌ని పక్కకి తోసేసి, మొహం తిప్పుకున్నారు. ఆ మరుసటి బుధవారం బ్రష్ చెంపకి తగలనివ్వలేదు. శనివారమూ అంతే. గడ్డం గరుగ్గా, తెల్లగా పెరిగింది. "నన్నుకూడా తియ్యనివ్వటం లేదు తమ్ముడూ. నువ్వేమైనా అన్నావా?" అని అడిగింది అక్కయ్య.

"అనటమా? గెలిపించానక్కయ్యా. ఓడిపోయానని నా నోటితో నేనే ఒప్పుకున్నాను."

ఆమె లోపలికెళ్లి, పాత ల్యాబు రిజిస్టరు ఒకటి తెచ్చి, అట్ట లోపలి నుంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క తీసింది. పసుపురంగుకి తిరిగిపోయింది. ఒక పక్క కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంది. బాబాయ్ మడత విప్పాడు. మొదటి వాక్యం సగంలో మొదలైంది: 'కనబడని బరువు చుట్టూ తిరిగే నక్షత్రాలకి వీరి దగ్గర సమాధానం లేదు.' కిందంతా ఒక్కో కారణాన్నీ తీసుకుని అది ఎక్కడ నిలబడదో రాశారు. పన్నెండేళ్ల కిందట 'అయితే' తర్వాత పోయిన సగం అది.

"మీరు మొదట తగువు పడ్డ వారంలోనే లైబ్రరీలో అడిగి, పాత కాపీలోంచి కత్తిరించుకొచ్చారు," అంది అక్కయ్య. "మరి చూపించరేం అన్నాను. 'చూపిస్తే వాడు ఒప్పేసుకుంటాడే. ఒప్పేసుకున్నాక బుధవారం నేనెక్కడికెళ్లను?' అన్నారు."

బాబాయ్ ఆ కాగితం పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. కత్తి గొంతు మీద పెట్టి తానేదో గెలుస్తున్నాననుకున్న ఆ పన్నెండేళ్లూ, ఈయన జేబులో పూర్తి జవాబు పెట్టుకుని ఒక్కో ముక్కే ఖర్చు పెడుతూ వచ్చారన్నమాట. గెలవటం ఇష్టం లేక కాదు, రావటం ఇష్టమై. అలాంటి మనిషి దగ్గరికెళ్లి జాలిపడి ఒప్పుకున్నాడు తను. ఇక నీతో వాదించాల్సింది ఏమీ లేదు, నీ పని అయిపోయింది అని మొహం మీదే చెప్పినట్టు. ఆయనకి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. కాగితాన్ని మడతలు చెదరకుండా మడిచి, అట్టలో ఎక్కడుందో అక్కడే పెట్టేశాడు. "నాకు చూపించినట్టు చెప్పకక్కయ్యా," అన్నాడు.

బుధవారం ఎనిమిదింటికి సంచి ఊపుకుంటూ వచ్చాడు. మాస్టారు మామూలుగానే గోడ వైపు చూస్తున్నారు. బాబాయ్ పలకరించలేదు, ఎండ సంగతి ఎత్తలేదు. పేపరు ముక్క ముంజేతి మీద పరిచి, నీళ్లలో బ్రష్ ముంచి, పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు.

"మొన్న ఏదో మాటవరసకి ఉన్నాయన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. లేవు."

మాస్టారి తల కొద్దిగా కదిలింది. నురగ చెంపకి తగిలింది. ఈసారి తోసెయ్యలేదు.

"మీరు తెచ్చిన సాక్ష్యం ఒక్కటీ నిలబడదు," అంటూ కత్తి తెరిచాడు బాబాయ్. కుడి చెంప అయింది, ఎడమ చెంప అయింది. గొంతు దగ్గర రెండు వేళ్లతో చర్మం లాగి పట్టుకున్నాడు. "నక్షత్రాలు తిరుగుతున్నాయి కాబట్టి మధ్యలో ఏదో ఉండి తీరాలంటారు. రెండు నెలలైంది, నేను తిరుగుతున్నాను. షాపు నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి షాపుకి. మధ్యలో ఎవరున్నారు? ఒక మాట లేదు, పలుకు లేదు. ఎవరూ లేరు. ఉంటే తెలియదూ?"

గుమ్మంలో నిలబడ్డ అక్కయ్య, "తమ్ముడూ!" అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

బాబాయ్ తల తిప్పలేదు. కత్తి గొంతు మీదే ఉంది. పక్కింట్లో ఎవరో బకెట్‌లో నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు వినబడుతోంది. అది ఆగింది.

టక్.

ఎడమ చెయ్యి. చూపుడు వేలు కుర్చీ చేతిమీద పడి, అక్కడే ఉండిపోయింది. ఒకటే అనుకున్నాడు బాబాయ్. తప్పు అంటున్నారు, అదే చాలు అనుకున్నాడు. ఆ వేలు మళ్లీ లేచింది. లేవటానికి ఎంతసేపు పట్టిందో ఆయన లెక్కపెట్టలేదు.

టక్.

బాబాయ్ కత్తి మూసేశాడు. గడ్డం కింద ఇంకా కాస్త నురగ మిగిలే ఉంది. టవల్ వేడినీళ్లలో ముంచి, పిండి, ఆ మొహాన్ని మెల్లగా తుడిచాడు. మాస్టారు ఇప్పుడు గోడ వైపు చూడటం లేదు, సూటిగా ఆయన కళ్లలోకే చూస్తున్నారు. పెదాలు ఒక మాట కోసం కూడబలుక్కుంటున్నాయి, అది ఇంకా రావటం లేదు.

బాబాయ్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"టవల్ తీశాను మాస్టారూ. చెప్పండి. షాపు మధ్యాహ్నం తెరుస్తాను."